దండోరాకు ముందు దాటిన బండ్లు

ఓబులేసు నోరు విప్పిన చోట కదా మనం కథ ఆపింది. మళ్ళీ ఒకసారి పెన్న గట్టు మీదికి వద్దాం.

కిందటేడు మార్గశిరంలో తుపాను పట్టినప్పుడు గుండ్లరేవు దగ్గర ఏరు దాటబోయి కొట్టుకుపోయిన వాళ్ళలో దూదేకుల పీర్ సాహెబ్ ఒకడు. చలికాలం వచ్చింది, నలుగురూ పరుపులు కుట్టించుకునే రోజులు కదా అని దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ప్రొద్దుటూరికి బయలుదేరిన మనిషి. విల్లూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఎవరూ ఏరు దాటరాదని తాలూకా కచేరీ ఉత్తర్వు ఆ రోజు పొద్దున్నే ఊరికి చేరింది. తప్పెట మోగింది మాత్రం మధ్యాహ్నం దాటాక. ఆ నడుమ పులివెందుల బదరీనారాయణ శెట్టి పత్తి బండ్లు నీళ్ళలో దిగి, అవతలి గట్టెక్కి, ప్రొద్దుటూరి మిల్లు దారి పట్టాయి. ఆ బండ్లు దాటేదాకా మునసబు గురుమూర్తి తప్పెటను తన ఇంట్లో పెట్టి గొళ్ళెం వేశాడట. దండోరా వేసే ఓబులేసు కిందటి వారం లాల్‌బీ గుడిసె ముందు చతికిలబడి చెప్పిన సంగతి అదే. పీర్ సాహెబ్ పెళ్ళాం లాల్‌బీ ఆ మాట విని ఏడవలేదు. ఏడ్చే పని ఏడాదంతా చేసింది, ఇక మిగిలిన పని వేరే ఉంది.

గుండ్లరేవు జనానికి సర్కారు మాట మీద కంటే శెట్టి బండి మీద గురి ఎక్కువ. పత్తి తడిస్తే శెట్టికి పానం పోయినట్టే, అట్లాంటి మనిషి బండి దింపాడంటే ఏరు మంచిదేనని వాళ్ళ లెక్క. తాతల నాటి లెక్క అది. పీర్ సాహెబ్ ఆ లెక్క నమ్మే బండి చక్రాల వెనకాల దిగాడు. బండ్లు గట్టెక్కాయి. వెనక వచ్చే మనుషుల మీదికి పైనుంచి నీళ్ళు దూకాయి.

లాల్‌బీకి కావలసినవి రెండు. శెట్టి తన నోటితోనే ఊరి ముందు ఆ మాట చెప్పాలి. చెప్పాక వాడు కూడా ఏడవాలి. రెండోది ఎట్లా జరుగుతుందో ఆమెకు తెలియదు. జరగాలని మాత్రం అయిదు పూటల నమాజులోనూ అడుగుతూనే ఉంది. అట్లాంటివి అడగకూడదని ఎవరైనా చెబితే, మీ మొగుడు పోయినప్పుడు వచ్చి చెప్పండి అనేది.

మళ్ళీ మార్గశిరం వచ్చింది, మళ్ళీ తుపాను పట్టింది. ఈసారి తెల్లవారేసరికల్లా ఓబులేసు ఊరంతా తిరిగి తప్పెట కొట్టాడు. గురుమూర్తికి బుద్ధి వచ్చి కాదు, కిందటేడు తాసిల్దారు వచ్చి నలుగురిలో గడ్డి పెట్టి పోయాడు కనుక. తప్పెట వినగానే లాల్‌బీ తమ్ముడు దస్తగిరి ఏరు దాటించే గుండ్రటి వెదురు పుట్టిని గట్టు మీదికి లాగి బోర్లించాడు. ఇవతలి రేవులో ఉన్న పుట్టి అదొక్కటే. వాళ్ళ నాయన చేసిన పుట్టి అది. అక్కాతమ్ముళ్ళిద్దరూ గడ పట్టడం నేర్చుకున్నది దాంట్లోనే.

మధ్యాహ్నానికి గట్టు మీద జనం పోగయ్యారు. ప్రొద్దుటూరు పోవలసిన గాజులాయన ఒకడు, చక్రాయపేట నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ముసలాయన ఒకడు, ఇంకా సంతకు బయలుదేరిన వాళ్ళు. ఎర్రగా, గట్టు నుంచి గట్టు దాకా పోతున్న నీళ్ళను చూస్తూ కూర్చున్నారు.

"ఉత్తర్వు రాసేటోడు కడపలో మిద్దె కింద ఉంటాడప్పా. ఈడ ఏరెట్లుండేదీ వానికేం తెలుసు? పుట్టి నడిపేటోడు పోదాం అంటే పోవల్ల, వద్దంటే మానల్ల. నడుమ సర్కారుకేం పని?" అన్నాడు గాజులాయన.

"పోయినేడు అట్ల సొంత తెలివితో పోయినోళ్ళేగా మునిగింది," అన్నాడు గొర్రెలాయన.

"కాదు పెద్దాయనా," అంది గట్టు మీదే ఉన్న తన గుడిసె వాకిట్లో నిలబడ్డ లాల్‌బీ. "వాళ్ళు ఉత్తర్వు వినక పోలేదు. వాళ్ళకు ఉత్తర్వు వినపడనీలేదు."

ఆ మాట ఎవరికీ పట్టినట్టు లేదు. అప్పుడే శెట్టి సవారీ బండి వచ్చి గట్టు మీద ఆగింది.

బండి ఆగగానే జరిగింది చూసి లాల్‌బీకి ఒళ్ళు మండిపోయింది. కూర్చున్న జనమంతా లేచారు. గాజులాయన గాజుల మలారం భుజానికెత్తుకున్నాడు. ముసలాయన కూడా గొర్రెలను అదిలించాడు. "శెట్టి దాటుతాండాడు, లెయ్యండి, లెయ్యండి," అని ఒకరినొకరు హెచ్చరించుకుంటున్నారు. ఏడాది కిందట మునిగిన వాళ్ళ చుట్టాలే వీళ్ళు. సిగ్గు లేకపోతే పోయె, భయమన్నా ఉండద్దా అనుకుంది లాల్‌బీ.

శెట్టి దిగాడు. లావుపాటి మనిషి, మెడకు ఉన్ని మఫ్లరు, చేతిలో గొడుగు. గొడుగు గాలికి వెనక్కి తిరిగిపోతే బండి మీదికి విసిరేశాడు. మునసబు గురుమూర్తి ఎక్కడి నుంచో పరుగున వచ్చి పక్కన నిలబడ్డాడు. శెట్టి అతన్ని పలకరించకుండానే దస్తగిరి దగ్గరికి పోయాడు.

"పుట్టి తిప్పురా. ఆ గట్టుకు పోవల్ల."

"దండోరా పడింది సామీ."

"పడితే పడనీలే. మునసబు ఈడనే ఉండాడు కదా, ఆయన చూసుకుంటాడు."

"పుట్టి మా అక్కది సామీ. ఆమెనడుగు," అని దస్తగిరి గుడిసె వైపు చూపించాడు.

శెట్టి లాల్‌బీ దగ్గరికి రావలసి వచ్చింది. ఆమె గడప దిగలేదు, కొంగు సవరించుకోలేదు. ఎప్పుడూ సామీ అని పిలిచే మనిషి ఆ పూట పిలవలేదు.

"లాల్‌బీ, నా కూతురు గౌరి ప్రొద్దుటూర్లో అత్తగారింట్లో ఉండాది. తెలుసు కదా నీకు. ఏడో నెల ఈ పొద్దుతో అయిపోతాది. రేపటి నుంచి ఎనిమిదో నెల. ఎనిమిదో నెలలో కడుపుతో ఉండే బిడ్డను ఏరు దాటించకూడదు. ఈ పొద్దు తోడుకొని రాకుంటే తొలికాన్పు ఆడనే అయిపోతాది. మా ఇంట్లో దాని అమ్మ కామేశ్వరమ్మ పొద్దున్నుంచి నీళ్ళన్నా తాగలేదు. నీకెంత కావల్లంటే అంతిస్తా."

"నాకు దుడ్లొద్దు శెట్టీ."

శెట్టీ అన్న పిలుపుకు గట్టు మీద మాటలు ఆగిపోయాయి.

"మరేం కావల్ల?"

"ఓబులేసు మామతో ఒక దండోరా ఏపియ్యి. పోయినేడు ఉత్తర్వు పొద్దున్నే వచ్చిందని, నీ బండ్లు దాటేదాకా తప్పెటను మునసబు ఇంట్లో పెట్టించింది నువ్వేనని. నీ పేరు మీదనే ఏపియ్యల్ల. ఆ తరవాత పుట్టి సంగతి మాట్లాడుదాం."

గురుమూర్తి ముఖం పాలిపోయింది. "ఏందమ్మీ ఆ మాటలు, ఎవరు చెప్పినారు నీకు?" అని ముందుకు వచ్చాడు. శెట్టి చెయ్యి అడ్డం పెట్టి అతన్ని ఆపాడు. శెట్టి కళ్ళు ఏటి మీద ఉన్నాయి. పొద్దు గుంకేదాకా ఎంత వేళ ఉందో లెక్క వేసుకుంటున్నాడు. వ్యాపారి కదా, ఇప్పుడు ఏం పోగొట్టుకుంటే ఏం దక్కుతుందో చూసుకున్నాడు. ఒక మాటే కదా, అనేస్తే పోలేదా అనిపించింది అతనికి.

"సరే. ఓబులేసూ, రారా," అన్నాడు.

తడిసిన తప్పెట మోగదు. ఓబులేసు లాల్‌బీ పొయ్యి దగ్గర కూర్చుని తోలును సెగకు చూపించి, వేలితో తట్టి చూసుకుని, మెడకు తగిలించుకుని బయటికి వచ్చాడు. ఆ ముసలి చేతుల దెబ్బ నిక్కచ్చిగా పడింది. జనం దగ్గరికి జరిగారు.

"ఇందుమూలముగా సమస్త జనానికీ తెలియజేయడమేమనగా," అని ఆగి శెట్టి వైపు తిరిగాడు.

"పోయినేడు మునసబుగారి అజాగ్రత్త వల్ల దండోరా ఆలస్యమాయనని చెప్పు," అన్నాడు శెట్టి మెల్లగా.

ఓబులేసు నోరు తెరవకముందే గురుమూర్తి ఎగిరిపడ్డాడు. "నా అజాగ్రత్తనా? ఏందప్పా శెట్టీ, నా అజాగ్రత్తనా? పత్తి మిల్లుకు చేరకుంటే బేరం పోతాదని మనిషిని పంపించింది ఎవరు? తప్పెట మోగితే బండ్లోళ్ళు ఎద్దులను ఇప్పేస్తారు, ఒక్క పూట ఆపు మునసబూ అని నా చేతులు పట్టుకున్నది ఎవరు? ఇప్పుడు నా నెత్తిన రుద్దుతాండావే."

గురుమూర్తి పిరికివాడే గానీ ఒంటరిగా మునిగే రకం కాదు. ఆ గాలిలో కూడా అతని గొంతు చివరి మనిషి దాకా వినిపించింది. గాజులాయన మలారం కింద పెట్టాడు. అతని అన్న కిందటేడు అదే బండ్ల వెనక పోయాడు.

"విన్నావా శెట్టీ," అంది లాల్‌బీ. "ఇప్పుడు సక్రంగా చెప్పు. ఆలస్యమాయ అనకు. ఆపించినా అను."

శెట్టి పెదవులు తడుపుకున్నాడు. చుట్టూ చూశాడు. నలభై ఏళ్ళుగా అతని బండ్లను చూసి ఏట్లో దిగిన జనం. వాళ్ళ చూపులో ఆ గురి లేదు. "ఆపించినా," అన్నాడు.

"ఏంటికి?"

"బండ్లు దాటేదానికి."

"జనం ఎనక దిగుతారని తెలుసా, తెల్దా?"

శెట్టి గట్టు మీది రావిమాను వైపు చూశాడు. "తెలుసు," అన్నాడు. "ఆ రావిమాను కింద నిలబడి చూస్తాంటి. అరిస్తే బండ్లోళ్ళు బెదిరి నడి ఏట్లో ఆపేస్తారని అరవలేదు."

లాల్‌బీ అంత అడగలేదు. అంత ఉందని కూడా ఆమెకు తెలియదు. చూస్తూ నిలబడ్డాడట. మొగుడు చెయ్యి పైకెత్తి ఉంటాడు, ఆ చెయ్యి ఈ మనిషి కంట పడి ఉంటుంది. ఓబులేసు ఒక్కొక్క మాటా ఎత్తి, తప్పెట కొట్టి, గట్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా చెప్పి వచ్చాడు. పులివెందుల బదరీనారాయణ శెట్టి తెలియజేసేదేమనగా, అని మొదలుపెట్టిన ప్రతిసారీ శెట్టి మెడ కొంచెం కొంచెం కిందికి దిగింది. లాల్‌బీ ఒక్క మాట కూడా వదలకుండా విన్నది. ఏడాదిగా ఏం తిన్నా మన్ను తిన్నట్టే ఉన్న నోటికి ఆ మాటలు తియ్యగా ఉన్నాయి.

"అయిపాయ కదా," అన్నాడు శెట్టి. "నువ్వడిగినట్టే చేసినా. ఇంక పుట్టి తిప్పమను."

"తిప్పను."

"ఏందీ?"

"పుట్టి సంగతి మాట్లాడుదాం అంటి. మాట్లాడినా. దండోరా పడింది శెట్టీ. ఏరు దాటకూడదు. నువ్వైనా అంతే, నీ మునసబైనా అంతే. పోయినేడు ఈ మాటే నీ పత్తికి కూడా వినపడింటే నా మొగుడు ఇంట్లో ఉండేటోడు."

ఎవరో "అట్ల చెప్పు" అన్నారు. గొర్రెలాయన వెనక్కి తిరిగి గొర్రెలను ఊరి వైపు తోలుకుపోయాడు. శెట్టి ముఖం మొదట నల్లబడింది, తరవాత ఎర్రబడింది. నలుగురి ముందూ పరువు తీసి, చేతికి చిప్ప ఇచ్చి పంపుతోంది ఈ దూదేకులది. అంతదాకా అణచుకున్న కోపం కట్ట తెంచుకుంది.

"నీ చిల్లుల పుట్టి లేకుంటే నాకేం గతి లేదనుకుంటివా? ఆ గట్టున మూడు పుట్లుండాయి. ఆడ దండోరా పడలేదు, తెలుసునా? నిన్ననే మనిషిని పంపిచ్చినా. ఆ ఊరి మునసబు నాకు కావల్సినోడు. నేను దాటి, బిడ్డను తోడుకొని వచ్చేదాకా తప్పెట ముట్టుకోవద్దని చెప్పిచ్చినా. ఈడ నుంచి చెయ్యి ఊపితే వాటిలో ఒకటి నా కోసం వస్తాది చూడు."

మాట నోటి నుంచి జారాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఓబులేసు చేతిలో కర్ర ఆగిపోయింది. పోయినేడు చేసిన పని చెప్పి మెడ దించుకున్న మనిషి, ఆ మెడ ఎత్తకముందే ఈ ఏడు చేసింది చెప్పాడు. బుద్ధి భూములేలుదామంటే రాత గాడిదలు కాద్దామన్నదట. ఈయన విషయంలో బుద్ధి కూడా గాడిదల వైపే ఉంది.

"అదో, వస్తాండాది," అన్నాడు దస్తగిరి.

అందరూ ఏటి వైపు తిరిగారు. అవతలి గట్టు వానలో మసగ్గా ఉంది. అక్కడి నుంచి ఒక పుట్టి విడివడి నీళ్ళలోకి వచ్చింది. శెట్టి రెండు చేతులూ ఎత్తి ఊపాడు. "రాండప్పా, బిన్నా రాండి," అని తొందరపెట్టాడు. లాల్‌బీ వైపు చూసిన చూపులో గెలుపు ఉంది.

పుట్టి ఇంకొంచెం ముందుకు వచ్చింది. ఖాళీగా లేదు. గడ వేసేవాడు ఒకడు, అతని వెనక ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె పెద్దది. రెండో ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, వెదురు అంచుకు ఆనుకుని కూర్చుంది. శెట్టి ఊపుతున్న చేతులు అట్లాగే గాలిలో నిలిచిపోయాయి.

వియ్యపురాలికీ పంచాంగం తెలుసు. రేపు ఎనిమిదో నెల పడుతుందని ఆమెకూ తెలుసు. శెట్టి రాలేదు, దండోరా పడలేదు, పుట్లు రేవులోనే ఉన్నాయి. ఇంక భయమేముంది అనుకుని కోడలిని తానే తీసుకుని బయలుదేరింది.

"గౌరీ," అన్నాడు శెట్టి. ఆ గొంతు పక్కనున్న వాళ్ళకే సరిగ్గా వినపడలేదు. మరుక్షణం ఓబులేసు మీద పడి తప్పెట లాక్కున్నాడు. తప్పెట నీడ పడితే స్నానం చేసే మనిషి, దాన్ని రొమ్ముకు ఆనించుకుని అరచేతులతో బాదాడు. వానకు తడిసిన తోలు చప్పచప్పమంది. మోగినా లాభం లేదు, గాలి అటు నుంచి ఇటు కొడుతోంది. వెనక్కి పొమ్మని జనమంతా చేతులు ఊపారు. తమను రమ్మంటున్నారని అనుకుని కాబోలు, పెద్దామె కూడా చెయ్యి ఊపింది.

లాల్‌బీ చూస్తూ నిలబడింది. అడిగింది ఇదే కదా. వాడు కూడా ఏడవాలని అడిగింది, ఏడుస్తున్నాడు. కడుపులో చల్లగా ఏదో దిగినట్టయింది. ఆ చల్లదనం చూసి ఆమెకే భయం వేసింది, అయినా దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

నడి ఏటి సుడి దగ్గరికి రాగానే పుట్టి గిర్రున తిరిగింది. రెండు చుట్లు తిరిగేసరికి గడ వేసేవాడి చేతిలోంచి గడ జారి నీళ్ళలో పోయింది. పుట్టి రేవు వైపు రావడం మానేసి ఏటివాలుకు కొట్టుకుపోసాగింది.

శెట్టి లాల్‌బీ కాళ్ళ దగ్గర బురదలో కూలబడ్డాడు. "నీ కాళ్ళు పట్టుకుంటా లాల్‌బీ, నువ్వు నాకు చెల్లెలు లెక్క, పుట్టి దింపమను."

దస్తగిరి అప్పటికే పుట్టి తిప్పి గడ అందుకున్నాడు. లాల్‌బీ ఆ గడ వాడి చేతిలోంచి లాక్కుంది. "నీకు పెండ్లాం బిడ్డలుండారు. గమ్మునుండు," అని, శెట్టి వైపు తిరిగింది.

"లెయ్యి శెట్టీ. ఏరు దాటల్లనే కదా వస్తివి. నువ్వడిగిన పుట్టి ఇదే. ఎక్కు. నేను గడ ఏస్తా, నువ్వు నీ బిడ్డను అందుకుందువు."

శెట్టి లేచాడు. నీళ్ళ అంచు దాకా వచ్చాడు. ఎర్రటి నీళ్ళు మానొకటి వేళ్ళతో సహా దొర్లించుకుంటూ అతని ముందు నుంచి పోయాయి. అతను పుట్టిని చూశాడు, మానును చూశాడు, దూరంగా ఆకుపచ్చ చీరను చూశాడు. కుడి పాదం ముందుకు పడలేదు. ఎడమ పాదం వెనక్కి పడింది. తరవాత రెండోది కూడా.

గట్టు మీద అందరూ అది చూశారు. గాజులాయన ఉమ్మేసి ముఖం తిప్పుకున్నాడు.

లాల్‌బీ చీర కుచ్చిళ్ళు ఎగదోపి పుట్టిలో కాలు పెట్టింది. "అక్కా, వద్దక్కా, దండోరా," అంటూ దస్తగిరి అంచు పట్టుకున్నాడు. ఆమె వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఓబులేసును పిలిచింది.

"మామా, పొయ్యిలో నిప్పుండాది. తోలు కాంచుకొని కొడతానే ఉండు. నేను దిగినానని ఇంకొకరు ఏట్లో దిగితే ఊరుకోను."

ఆ పైన గడ నేలకు ఆనించి నెట్టింది. పుట్టి మట్టిని వదిలి నీళ్ళ మీదికి జారింది. శెట్టి నీళ్ళలో మోకాలి దాకా వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"నాకు దండం పెట్టొద్దు శెట్టీ," అంది లాల్‌బీ. "నీ బిడ్డను తెస్తానో, అంతదూరం పోయి చూసి వస్తానో, నాకే తెల్దు. నా మొగుడు మునిగేటప్పుడు యాడ నిలబడి చూస్తివో, పోయి ఆడనే నిలబడు."